పోస్టుమార్టం కాగితంలో గోంగూర

ఇటు జరగండర్రా, ఇంకాస్త దగ్గరికి. పల్లీలు ఒలుస్తూనే వినండి, ఒలిచినవన్నీ నోట్లో వేసుకోకుండా. ఇది తాడిమెరకలో పూటకూళ్ళ వరహాలమ్మ సంగతి. ఆవిడ మీద మొదట ఒక హత్య మోపారు, తరవాత నలభై ఒక్క హత్యలు మోపారు. ఆయుధం గోంగూర పచ్చడి. మీరు నవ్వుతున్నారు గానీ కోర్టులో ఎవరూ నవ్వలేదు.

తాడిమెరక సర్కారు ఆసుపత్రికి సరిగ్గా ఎదురుగా వరహాలమ్మ మెస్సు. పైన రేకులు, కింద నాలుగు బల్లలు, వెనకాల పొయ్యి, పొయ్యి పక్కన రోలు. ముప్పై ఏళ్ళకే మొగుడు పోతే, ఆ రోలే ఆవిడకి మొగుడూ పిల్లలూ అయ్యాయి. ఇంకో ముప్పై ఏళ్ళు అలాగే గడిచిపోయాయి. ఆవిడకి చదువు లేదు గానీ, ఒక్కసారి తన విస్తరి ముందు కూర్చున్న మనిషిని చచ్చినా మరిచిపోదు. మొహం గుర్తు పెట్టుకోవడమే కాదు, ఏది మారు అడిగాడో కూడా గుర్తే. "ఆ పోస్టుమాస్టరు గారా? మామిడికాయ పప్పు మనిషి" అనేది. ఆసుపత్రి వాళ్ళూ, వీధి చివర కోర్టు వాళ్ళూ అందరూ అక్కడే తినేవారు.

ఒక శనివారం పొద్దున పదకొండింటికి నాగభూషణంగారు వచ్చారు. రిటైరైన సర్వేయరు. ఇరవై ఏళ్ళుగా శనివారాలు ఒంటిపొద్దు. ఆరోజు పగలంతా మజ్జిగే. వరహాలమ్మ గ్లాసు చేతికిచ్చింది. సగం తాగి, "ఎండ గట్టిగా ఉందమ్మా" అని గోడకి చేరగిలబడ్డారు. అంతే. గ్లాసులో మిగిలిన మజ్జిగ ఒలకనైనా లేదు.

గుండె ఆగిందని అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. కానీ ఇంటి బయట పోయిన మనిషికి కాగితం కావాలన్నారు పోలీసులు. కాగితం కోసం నాగభూషణంగార్ని రోడ్డు దాటించి, ఆసుపత్రి వెనకాల శవాల కొట్టుకి చేర్చారు.

ఇప్పుడు ఆ కొట్టు సంగతి వినాలి మీరు. కోసి చూడవలసింది డాక్టరు త్రివిక్రమరావు గారు. ఆయన ఆ కొట్టులో అడుగుపెట్టి తొమ్మిదేళ్ళయింది. వాసన పడదు. గోడవతల గొడుగు కింద కుర్చీ వేయించుకుని, ముక్కుకి సెంటు రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. లోపల కోసేదీ, చూసేదీ, తిరిగి కుట్టేదీ దాలయ్య. కోసేవాడు డాక్టరే అయి ఉండాలని రూలు గనక, కాగితం మీద దాలయ్య నీళ్ళ కుండ పట్టుకునే మనిషి మాత్రమే.

ఇంక ఆ కాగితం. ఒకప్పుడు పైనుంచి ఒక సర్క్యులరు వచ్చింది: "నివేదికయందు ఏ గడియు ఖాళీగా విడువరాదు. ఖాళీ గడి కర్తవ్య నిర్లక్ష్యముగా పరిగణింపబడును." ఆసుపత్రి హెడ్డు గుమాస్తాకి గుండె దడ పట్టుకుంది. పేరు, ఊరు, గాయాలు ఎవరైనా రాస్తారు. 'కడుపులో ఉన్న పదార్థములు' అనే గడి ఎవరు నింపాలి? పాత బీరువాలు వెతికితే ఒక మంచి రిపోర్టు దొరికింది. ఎప్పుడో ఒక కుర్ర డాక్టరు నిజంగానే లోపలికి వెళ్ళి, నిజంగానే చూసి, ఒక బండివాడి గురించి రాసింది: 'సగము జీర్ణమైన అన్నము, గోంగూర పచ్చడి.' దాని మీద తనిఖీ అధికారి ఎర్ర సిరాతో 'భేష్' అని కూడా రాసి ఉన్నాడు. అధికారి మెచ్చిన మాటని మార్చడం దేనికని, గుమాస్తా ఆ గడిని అలాగే అచ్చు వేయించాడు. రెండు వందల ఫారాలు. పేరు ఖాళీ, వయసు ఖాళీ, కడుపులో మాత్రం గోంగూర సిద్ధం.

డాక్టరుగారికి చాలా ముచ్చటేసింది. "ఒక గడి తగ్గింది" అన్నారు.

ఆ శనివారం దాలయ్య లోపలినించి కేకేశాడు. "బాబయ్యా, కడుపు ఖాళీ. ఉత్త మజ్జిగే. గుండె కాడ నరం పూడుకుపోయింది, రాసుకోండి."

అదే వేళకి ఒంటిగంట కొట్టారు. డాక్టరుగారికి గంట వినిపించింది, దాలయ్య వినిపించలేదు. చివర 'మరణ కారణము' అన్న గడి ఒకటే మిగిలింది. పైన చూస్తే గాయాలు 'లేవు' అని ఉంది గనక, ఆయన 'పై గడిలో తెలిపిన కారణము చేత' అని రాసి సంతకం చేసి భోజనానికి వెళ్ళిపోయారు. దాని పై గడి కడుపుది. అందులో ఏముంది? మీకు తెలుసు.

సాయంత్రానికి ఎస్సై జీపులో దిగాడు. ఆ మధ్యాహ్నమే అదే మెస్సులో రెండు సార్లు పెరుగు వడ్డించుకున్న మనిషి.

"పిన్నిగారూ, మీ మీద కేసండి."

"ఏం కేసు నాయనా?"

"నాగభూషణంగారు గోంగూర వల్ల పోయినట్టు రిపోర్టు. ఊళ్ళో గోంగూర నూరేది మీరేగా."

"ఆయనకి శనివారం కదయ్యా. నా చేత్తో మజ్జిగిచ్చాను. పదిమంది చూశారు."

"చూసినోళ్ళు నోటితో చెప్తారండి. ఇది కాగితం" అన్నాడు ఎస్సై, చాలా మర్యాదగా.

పంచనామా చేసి రోలూ, పొత్రమూ, జాడీడు గోంగూరా స్వాధీనం చేసుకున్నారు. రోలు లేవనెత్తడానికి నలుగురు కానిస్టేబుళ్ళు కావలసి వచ్చింది. రోలు ఎత్తుతుంటే వరహాలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ, తనని తీసుకెళ్తుంటే పెట్టుకోలేదు.

నాలుగో రోజున బెయిలొచ్చింది. ముద్దాయి వయసు మళ్ళిన ఆడమనిషి అని ఉత్తర్వులో రాశారు. ఆ నాలుగు రోజులూ కోర్టు మొత్తం మధ్యాహ్నాలు బన్నులు తిని బతికిందని ఉత్తర్వులో రాయలేదు. షరతు ఒకటే: కేసు తేలేదాకా గోంగూర ముట్టరాదు.

దాలయ్య రాత్రనక పగలనక నలిగిపోయాడు. ఒకనాడు పెరటి దారిన వచ్చి పొయ్యి దగ్గర కూలబడ్డాడు.

"అమ్మగోరూ, నేను సూసినాను. ఖాళీ కడుపే. కోర్టుకొచ్చి సెప్తాను."

"చెప్తే నీ ఉద్యోగం?"

"నేను కోత్తన్నానంటే డాకటేరు బాబు అబద్ధం రాసినట్టే గదా. ఇద్దరం ఇంటికే."

"నలుగురు ఆడపిల్లలు నీకు. నోర్మూసుకుని చారు పోసుకో" అంది వరహాలమ్మ.

ఆవిడ తరఫున సర్కారే ఒక వకీల్ని ఇచ్చింది, భీమశంకరం అని. కుర్రవాడు, మాటకి మాటకి నల్లకోటు జేబులు తడుముకునేవాడు. అవతల పబ్లిక్ ప్రాసిక్యూటరు లక్ష్మీపతిగారు. ఆయన నిలబడితే గోడలకి వినయం వచ్చేది.

"యువరానర్, సాక్షి మరచును, సాక్షి భయపడును, సాక్షి బంధుప్రీతి చూపును. నివేదిక మరవదు, భయపడదు, దానికి బంధువులు లేరు. ప్రభుత్వ ముద్ర గల నివేదిక ముందు పదిమంది మజ్జిగ సాక్ష్యము నిలుచునా?"

జడ్జిగారు నిలవదన్నట్టు తల ఊపారు. ఆయన మంచివాడే. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క కాగితాన్ని కూడా నొప్పించి ఎరగడు.

తరవాత గోంగూర జాడీ ప్రవేశపెట్టారు. లోపల చూస్తే అద్దంలా మెరుస్తోంది.

"ఇందులోని పదార్థమేమైనది?" అన్నారు జడ్జిగారు.

"పరీక్ష నిమిత్తం వినియోగమైందండి" అన్నాడు ఎస్సై.

"ఎవరు పరీక్షించిరి?"

"స్టేషను సిబ్బంది అందరమూనండి. వేడన్నంతో."

"సిబ్బంది క్షేమమా?"

"డ్యూటీలో ఉన్నారండి."

భీమశంకరం లేచి, "మరి వాళ్ళెవరూ చావలేదుగా అండీ" అన్నాడు. లక్ష్మీపతిగారు చిరునవ్వు నవ్వారు. "వారికి పోస్టుమార్టం జరగలేదు. కనుక వారి కడుపులలో ఏమున్నదో న్యాయస్థానమునకు తెలియదు." జడ్జిగారు ఆ మాట రాసుకున్నారు.

భీమశంకరానికి ఆ రాత్రి నిద్రపట్టక, మర్నాడు కోర్టు అనుమతితో ఆసుపత్రి బీరువా తెరిపించాడు. పోయిన ఏడాది రిపోర్టులన్నీ తీయించాడు. నాగభూషణంగారిది కాక నలభై. చెరువులో పడ్డవాడు, తేలు కుట్టినవాడు, కల్లు ఎక్కువైనవాడు, పళ్ళు లేని తొంభై ఏళ్ళ ముసలాయన, హిమాలయాల నించి నడిచొచ్చి రైలుకట్ట పక్కన పోయిన మౌనస్వామి. అందరి కడుపుల్లోనూ సగము జీర్ణమైన అన్నము, గోంగూర పచ్చడి. ఒక్క అక్షరం తేడా లేదు.

కుర్రవాడు గెలిచేశాననుకున్నాడు. నలభై కాగితాలూ బల్ల మీద పరిచి, "చూడండి యువరానర్, ఇవన్నీ ఒకటే అచ్చు" అన్నాడు.

లక్ష్మీపతిగారు ఒక్కొక్కటీ చదివారు. చదువుతున్నకొద్దీ ఆయన మొహం వెలిగింది.

"యువరానర్, నా విద్వాంసుడైన మిత్రునకు కృతజ్ఞతలు. నేను ఒక హత్య నిరూపించుటకు వచ్చితిని. వారు నలభై ఒకటి నిరూపించినారు."

వరహాలమ్మ బోనులో కూలబడింది. జడ్జిగారు ఒక గ్లాసు మంచినీళ్ళు తెప్పించారు. దాన్ని ఆవిడకిచ్చే ముందు కోర్టు గుమాస్తా అడిగాడు, ఈ నీళ్ళు ఏ గడిలో రాయాలని.

అక్కడినించి ఊరు ఊరుగా లేదు. కలెక్టరు కచేరీ నించి తాఖీదు వచ్చింది: 'గోంగూర అను ప్రమాదకర పత్రమును లైసెన్సు లేనిదే పెంచరాదు, అమ్మరాదు, నూరరాదు.' వ్యవసాయాధికారి గొడ్డలి వాళ్ళని వెంటేసుకుని పెరళ్ళు తిరిగాడు. ఆసుపత్రి పెరట్లోనే ఒక మడి దొరికితే, దాని మొక్కల్ని లెక్కపెట్టి, పీకి, సీలు వేశారు. సంతలో కూరలమ్మి పాలకూర అడుగున గోంగూర కట్ట దాచి, కొనేవాళ్ళ మొహాలు చూసి ఇచ్చేది. ఎర్ర గోంగూరకి ఒక రూలూ, తెల్ల గోంగూరకి ఒక రూలూ పెట్టడానికి ముగ్గురితో కమిటీ వేశారు. ఆ కమిటీ సమావేశంలో మధ్యాహ్న భోజనానికి ఏం పెట్టారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

తీర్పుకి వారం ముందు, పొద్దున్నే ఒక రిక్షా మెస్సు ముందు ఆగింది. తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ దిగింది. చేతిలో కాగితం. ఆవిడ సుందరమ్మగారు, పబ్లిక్ ప్రాసిక్యూటరు లక్ష్మీపతి కన్నతల్లి.

వరహాలమ్మ బల్ల తుడిచి కూర్చోబెట్టింది.

"మావాడు ఈ కాగితాలు ఇంటికి తెచ్చాడమ్మా" అంది సుందరమ్మగారు. "ఇరవై మూడో నెంబరు మా ఆయనది. హెడ్మాస్టరు చేశారు. పోయినేడు బస్టాండులో వెనక్కొస్తున్న బస్సు తగిలి పోయారు. వీడు చదివి నాకు చెప్పలేదు. కళ్ళజోడు పెట్టుకుని నేనే చదివాను."

వరహాలమ్మ మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపింది.

"బీపీ అన్నారు, గ్యాసన్నారు. పద్దెనిమిదేళ్ళు ఆయనకి ఉప్పూకారం లేకుండా సొరకాయా, బీరకాయా పెట్టాను. 'ఒక్క ముద్ద గోంగూర పెట్టవే' అని పిల్లాడిలా అడిగేవారు. నేను పెట్టలేదు. ఆ పొద్దునా అడిగారు. చప్పిడి తిని పోయాడు నా మొగుడు అని ఏడాదిగా ముద్ద దిగడం లేదు నాకు." కాగితం మడత విప్పి ఆ గడి మీద వేలు పెట్టింది. "ఇది చూశాక ప్రాణం లేచొచ్చింది. నువ్వు ఎవర్నీ మర్చిపోవని చెప్పారు. నిజం చెప్పు తల్లీ. మా ఆయన నీ దగ్గిరికొచ్చారా?"

ఆయన రాలేదు. ఒక్కనాడూ రాలేదు. వరహాలమ్మకి ఆ మొహమే తెలియదు. ఆవిడ ముప్పై ఏళ్ళ జ్ఞాపకంలో హెడ్మాస్టరు అనే మనిషే లేడు. రాలేదంటే నిజం. పైగా ఇరవై మూడో కడుపులో గోంగూర లేదని తేలుతుంది, భీమశంకరం కోర్టులో మొత్తుకుంటున్నది కూడా అదే. వచ్చారంటే, నలభై ఒకటిలో ఒకదానికి తన నోటితోనే తను ఒప్పుకున్నట్టు. ప్రాసిక్యూటరు తల్లి దగ్గర.

ఎదురుగా ఆ ముసలావిడ వేలు ఇంకా గడి మీదే ఉంది.

"వచ్చారమ్మా" అంది వరహాలమ్మ. "అదిగో, ఆ మూల బల్ల మీద కూర్చున్నారు."

"తిన్నారా?"

"మారు అడిగి వేయించుకున్నారు. నెయ్యి వేశాను. నంజుకోడానికి పచ్చి ఉల్లిపాయ కూడా అడిగారు. మీసానికి అంటితే తుడుచుకుని, 'మా ఇంట్లో చెప్పకమ్మా' అని నవ్వారు."

సుందరమ్మగారు చాలాసేపు ఆ మూల బల్ల వైపు చూసింది. కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. రిక్షా ఎక్కింది.

సంగతి విని భీమశంకరం నల్లకోటు జేబులన్నీ ఒక్కసారే తడుముకున్నాడు. "ఏంటండీ ఇది, మీ ఉరితాడు మీరే పేనుకున్నారు."

"నువ్వుంటే ఏమనేవాడివి నాయనా, ఆవిడ మొహం చూసి?"

ఆఖరి వాయిదా రోజున లక్ష్మీపతిగారు కన్నతల్లినే బోనెక్కించారు. ఆయన గొంతులో గర్వం గజం పొడుగుంది.

"ముద్దాయి తమ భర్తగారికి గోంగూర పచ్చడి వడ్డించినట్లు తమ సమక్షమున ఒప్పుకొన్నది నిజమా?"

"నిజమేరా."

"కోర్టులో 'రా' అనరాదమ్మా."

"నిజమేనండి."

"యువరానర్, నివేదిక, ఒప్పుకోలు రెండూ కలిసినవి. గోంగూర తినెను, మరణించెను."

"ఎవరు మరణించెను?" అంది సుందరమ్మగారు. "మీ నాన్న బస్సు తగిలి పోయార్రా. ఇదే కోర్టులో, ఇదే కాగితం పట్టుకుని, తప్పు బస్సువాడిదేనని నువ్వే వాదించావు. ఈ జడ్జిగారే తీర్పు చెప్పారు. దేవుడి గూట్లో పెట్టుకున్నాను. ఇదిగో."

తీర్పు నకలు తీసి బల్ల మీద పెట్టింది. జడ్జిగారు కళ్ళజోడు సర్దుకున్నారు. అది తన సంతకమే. 'మరణమునకు బస్సు తప్ప వేరొక కారణము లేదని నిస్సందేహముగా నిర్ధారించడమైనది.'

లక్ష్మీపతిగారు ఒక చేత్తో నివేదికా, ఇంకో చేత్తో తీర్పూ పట్టుకున్నారు. నివేదిక తప్పంటే కేసు పోతుంది. నివేదిక ఒప్పయితే తండ్రి గోంగూర తిన్నట్టు. గోంగూరే చంపిందంటే తను గెలిచిన తీర్పు తప్పు, రాసిన జడ్జిగారు ఎదురుగానే ఉన్నారు.

జడ్జిగారు వరహాలమ్మ వైపు తిరిగారు. "ముద్దాయి చెప్పుకొనునది ఏమైనా కలదా? ఇరవై మూడవ మృతునికి నీవు గోంగూర వడ్డించితివా?"

భీమశంకరం తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. మొదటి బెంచీలో సుందరమ్మగారు కూర్చుని ఉంది, చేయి రవిక మీద.

"వడ్డించానండి" అంది వరహాలమ్మ. "నెయ్యేసి, ఉల్లిపాయతో. చక్కగా లేచి, చేయి కడుక్కుని, నడిచి వెళ్ళారండి."

మధ్యాహ్నం దాటాక తీర్పు చదివారు. నలభై ఒక్క నివేదికలూ ప్రభుత్వ ముద్ర గలవి గనుక సత్యములు. నలభై ఒక్కరూ గోంగూర తిన్నమాట సత్యము. అయితే ఇరవై మూడవ మృతుడు గోంగూర తినియు దాని వలన మరణించలేదని ఈ న్యాయస్థానమే లోగడ నిర్ధారించినది గనుక, గోంగూర వలన మనుష్యులు మరణింపరు. నాగభూషణంగారు ఎందువలన మరణించిరో విచారించుట ఈ న్యాయస్థానము పని కాదు. ముద్దాయి నిర్దోషి. రోలు తిరిగి ఇవ్వవలెను. నివేదికలు లోపరహితముగా నింపినందుకు ఆసుపత్రి సిబ్బందిని అభినందించడమైనది.

డాక్టరుగారికి ప్రమోషను వచ్చింది. దాలయ్యకి కొత్త కుండ వచ్చింది.

రోలు దింపిన మర్నాడే వరహాలమ్మ గోంగూర నూరింది. మెస్సు కిటకిటలాడింది. అందరూ వెళ్ళాక సుందరమ్మగారు వచ్చి, ఆ మూల బల్ల మీదే కూర్చుంది. వరహాలమ్మ అన్నం పెట్టి, పచ్చడి వేసి, నెయ్యి వేసి, ఉల్లిపాయ తరిగి పక్కన పెట్టబోయింది.

"ఉల్లిపాయ వద్దమ్మా" అంది సుందరమ్మగారు. "మా ఇంట్లో ఎవరం ముట్టం. ఆయనయితే పుట్టి బుద్ధెరిగి నోట పెట్టలేదు. ఆ వాసనకే లేచి వెళ్ళిపోయేవారు. మీసం కూడా ఎప్పుడూ పెంచలేదు."

వరహాలమ్మ చేతిలో పళ్ళెం ఆగిపోయింది. "మరి కోర్టులో..."

"కోర్టుకేం తెలుసు? మారు వడ్డించు" అంది సుందరమ్మగారు, కళ్ళు తుడుచుకుంటూ. "ఆయన తిన్నారనే గవర్నమెంటు రాసింది. నువ్వూ నేనూ ఎవరం కాదనడానికి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. అంతలా నవ్వారట, దాలయ్య రోడ్డవతలి నించి పరిగెత్తుకుంటూ వచ్చాడు ఎవరైనా పోయారేమోనని.

ఇంకో చిన్న ముక్క ఉంది. ఫారాలు అయిపోతే ఆసుపత్రి గుమాస్తా మళ్ళీ అచ్చుకి ఇచ్చాడు. ఈసారి ఐదు వేలు. కోర్టు రికార్డులో ఉన్నదాన్ని విడిచిపెడితే నిర్లక్ష్యమవుతుందని, ఆ గడిలో ఒక మాట కలిపాడు: 'అన్నము, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ.' ఇప్పటికీ తాడిమెరకలో ఎవరు ఎంత పథ్యం చేసి పోయినా, సర్కారువారు ఆఖరికి ఆ మూడూ వడ్డించే పంపిస్తారు.

ఇది గుర్తుంచుకుని రేపు మీ పిల్లలకి చెప్పండి. డాక్టరు పేరు మర్చిపోయినా ఫరవాలేదు, ప్రాసిక్యూటరు పేరు మర్చిపోయినా ఫరవాలేదు. వరహాలమ్మ పేరూ, ఆ ఉల్లిపాయా మాత్రం వదలకండి. ఏదీ, ఆ చేట ఇలా ఇవ్వండి. ఒలిచిన పల్లీలు ఏవి?